పొగతోట షుగర్ క్లినిక్‌లో కౌన్సెలింగ్: మా నాయన నోరు విప్పిన గది

మా నాయన్ని నెల్లూరు పొగతోటలో ఒక షుగర్ క్లినిక్‌కి కౌన్సెలింగ్ కోసం తీసుకెళ్ళడం మొదలుపెట్టి నాలుగు నెలలయింది, ఇప్పటికి నాలుగు సిట్టింగులు అయ్యాయి. ఒక్కోదానికి 300 రూపాయలు, డాక్టర్ ఫీజు దానికి వేరే. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాస్తా. క్లినిక్ పేరు మాత్రం రాయడం లేదు. కౌన్సెలర్ మేడంని అడిగితే "పేరొద్దమ్మా, ఉన్నవాళ్ళకే టైం సరిపోవడం లేదు" అన్నారు, ఆమె మాట కాదనలేను. పేరు లేకపోయినా చదివినవాళ్ళకి పనికొస్తుందనే రాస్తున్నా, ఎందుకంటే అక్కడ చేసే పని ఖరీదైన మిషన్లతో చేసేది కాదు, మీరు మీ డాక్టర్ దగ్గర అడిగి చేయించుకోగలిగిందే.

మా ఊరు ఇందుకూరుపేట వైపు. నాయనకి 63 ఏళ్ళు, షుగర్ వచ్చి 14 ఏళ్ళు. నాలుగెకరాల వరి, ఎప్పుడూ 34449 రకమే వేస్తాడు, పొద్దున్నే పొలం మీదికి పోకపోతే ఆయనకి రోజు మొదలైనట్టు ఉండదు. నేను నెల్లూరులోనే ఉంటా, తమ్ముడు బెంగళూరులో. పోయిన ఏడాది చివర్లో ఒక రోజు అమ్మ వరండా తుడుస్తూ నాయన చెప్పు పక్కకి జరిపితే లోపల చీము మరక కనిపించింది. చూస్తే ఎడమ కాలి బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. ఎప్పటి నుంచి అని అడిగితే మూడు వారాలన్నాడు. మూడు వారాలు ఒకే ఇంట్లో, ఒకే వరండాలో, మాకెవరికీ తెలియకుండా ఆ పుండు మీద పాత లుంగీ గుడ్డ కట్టుకుని తిరిగాడు మనిషి.

మొదట తీసుకెళ్ళిన ఆసుపత్రిలో డాక్టర్ మా నాయన మొహం వైపు చూసి ఒక్క మాట మాట్లాడలేదు, అన్నీ నాతోనే. "ఈయన మాట వినే రకం కాదా" అని ఆయన ముందే నన్ను అడిగారు. నాకు అప్పుడు కోపం నాయన మీదే వచ్చింది, అది ఇప్పుడు తలుచుకుంటే చాలా బాధగా ఉంటుంది. ఇంటికొచ్చాక అందరం కలిసి అదే పని పెట్టుకున్నాం. అమ్మ అన్నం పెట్టేటప్పుడు దెప్పుతుంది, నేను రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి తిడతా, తమ్ముడు రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి "షుగర్ ఎంత?" అని మొదలుపెడతాడు, ఎలా ఉన్నావు నాయనా అని కూడా కాదు. పుండు మానలేదు. ఐదో వారంలో డ్రెస్సింగ్ చేసే సర్జన్ గారు నన్ను పక్కకి పిలిచి, పుండు నేను చూసుకుంటానమ్మా, షుగర్ మాత్రం మీ ఇంట్లో తేలాలి అని ఈ క్లినిక్‌కి రాసిచ్చారు.

మొదటి సిట్టింగ్‌కి ఆయన ఒక్కడే వస్తే కుదరదు, వంట చేసేవాళ్ళు, రోజూ మాట్లాడేవాళ్ళు రావాలని ముందే ఫోన్లో చెప్పారు. వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ, రోజూ తొడుక్కునే చెప్పులు తెమ్మన్నారు. చెప్పులెందుకో నాకర్థం కాలేదు. చిన్న గది, ఒక టేబులు, నాలుగు కుర్చీలు, టేబులు మీద ప్లాస్టిక్ పాదం బొమ్మ ఒకటి. మేడం నాయన్ని తన ఎదురుగా కూర్చోబెట్టుకుని, మమ్మల్ని పక్కన కూర్చోమని, "అయ్యా, మీ రోజు ఎట్టా మొదలవుద్దో చెప్పండి" అని అడిగారు. అలవాటు ప్రకారం నేను అందుకుని, పొద్దున్నే లేస్తాడు మేడం, అని మొదలుపెట్టా. ఆమె చెయ్యి కొద్దిగా పైకెత్తి "ఒక్క నిమిషం తల్లీ, పెద్దాయన చెప్తారు" అన్నారు. ఆ తర్వాత గదిలో ఎవరం మాట్లాడలేదు. నాయన కిటికీ వైపు చూస్తా ఉన్నాడు, ఆమె తొందరపెట్టలేదు, పెన్ను కూడా కింద పెట్టేశారు. చాలాసేపటికి నాయన నోరు విప్పాడు, విప్పిన తర్వాత ఇరవై నిమిషాలు ఆపలేదు. మా నాయన అంతసేపు తన గురించి మాట్లాడటం నా 36 ఏళ్ళలో వినలేదు నేను.

మధ్యలో పుండు సంగతి వచ్చింది. ఎందుకు చెప్పలేదయ్యా అని ఆమె అడిగిన తీరులో నింద లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది. నాయన అన్నాడు: "నొప్పి ల్యా. నొప్పుంటే చెప్పుండే వాణ్ణే. చెప్తే ఇంట్లో ఏమయిద్దో నాకు తెలుసు, మానినాక చెప్దాంలే అని గమ్మున ఉండా."

అప్పుడు ఆమె ఆయన ఎడమ చెప్పు తీసి బోర్లించారు. అడుగున మడమ దగ్గర రబ్బరు అరిగిపోయి ఉంది, బొటనవేలు పడే చోట నల్లటి చుక్క ఒకటి. లోపలికి వేళ్ళు పెట్టి తడిమి, అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టారు. తుమ్మ ముల్లు. అడుగు నుంచి దూసుకొచ్చి లోపల సూదిమొనంత తేలి ఉంది. పుండు ఉన్నది కూడా కచ్చితంగా ఆ చోటే. షుగర్ ఎక్కువ కాలం ఉంటే కాళ్ళలో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుందని, అందుకే ముల్లు గుచ్చుకుంటున్నా ఆయనకి తెలియలేదని చెప్పి, నైలాన్ దారం లాంటిది ఒకటి తీసి పాదం మీద అక్కడక్కడా ఆనించి, తగిలినప్పుడు చెప్పమన్నారు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు నాయన. బొటనవేలి కింద ఆనించినప్పుడు ఏమీ అనలేదు. మడమ దగ్గర ఏమీ అనలేదు. అమ్మ ఏడ్చేసింది. అప్పటిదాకా ఆయన మొండితనం వల్ల చెప్పలేదనే అమ్మ అనుకుంటా ఉంది.

ఇంకో సంగతి దీనికంటే పెద్దది. నాయన బంకు కొట్టు దగ్గర పాలకోవా తింటాడని ఊళ్ళో వాళ్ళు అమ్మకి చెప్పారు, దాని మీద మా ఇంట్లో జరిగిన గొడవలు అన్నీఇన్నీ కావు. మేడం స్ట్రిప్పులు ఒక్కొక్కటే ఆయన చేతికిచ్చి, ఇది ఎప్పుడు వేసుకుంటారు, వేసుకున్నాక ఏం చేస్తారు అని అడుగుతూ పోయారు. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర తిండికి ముందు అని రాసి ఉంది. నాయన దాన్ని తెల్లవారి ఆరు గంటలకి టీతో వేసుకుని పొలానికి పోయి, పదిన్నరకి వచ్చి తింటున్నాడు. తొమ్మిదింటికల్లా చెమటలు, చేతులు వణుకు, కళ్ళు తిరగడం. బంకు దగ్గర కూర్చుని తీపి ఏదైనా తింటే తగ్గుతుంది. మాత్రకీ తిండికీ నాలుగున్నర గంటలు ఎడం ఉంటే షుగర్ పడిపోతుందని 14 ఏళ్ళలో ఆయనకి ఒక్కరూ అర్థమయ్యేలా చెప్పలేదు, చెప్పామని అనుకున్నవాళ్ళు ఆయనకి ఏం అర్థమైందో అడగలేదు. మర్నాడు ఆ టైంకి మీటర్‌లో చూస్తే షుగర్ 64, ఉండాల్సిన దానికంటే తక్కువ. మేం నెలల తరబడి ఏ తీపికి తిట్టామో ఆ తీపే ఆయన్ని పొలంలో పడిపోకుండా కాపాడింది. డాక్టర్ గారు మాత్ర టైం మార్చారు, మాత్ర వేసుకుంటే అరగంటలోపు తినాల్సిందే అన్నారు. బంకుకి పోవడం దానంతటదే తగ్గిపోయింది.

సిట్టింగ్ చివర ఆమె ఒక పని చేశారు, ప్రతిసారీ చేస్తారు. "అయ్యా, నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి, ఇంటికి పోయినాక మీ అబ్బాయి అడిగితే ఏం చెప్తారో నాకు చెప్పండి" అంటారు. అర్థమైందా అని మాత్రం అడగరు. అర్థమైందా అంటే మనం అందరం ఊఁ అంటాం, అర్థం కాకపోయినా. ఇలా తిరిగి చెప్పించడాన్ని టీచ్ బ్యాక్ అంటారట. ఆమె చెప్పిన పేరు పట్టుకుని వెతికితే, శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డాక్టర్ డీన్ షిల్లింజర్, ఇంకొందరు కలిసి 2003లో ప్రచురించిన పరిశోధన దొరికింది. అదీ షుగర్ పేషెంట్ల మీదే, ఆరోగ్య విషయాలు చదివి అర్థం చేసుకోవడం కష్టమైనవాళ్ళ మీద: 38 మంది డాక్టర్లు, 74 మంది పేషెంట్లు. డాక్టర్లు కొత్తగా చెప్పిన విషయాల్లో నూటికి 12 మాత్రమే పేషెంట్‌కి ఎక్కాయో లేదో చూసుకున్నారు. అలా చూసుకున్న డాక్టర్ల పేషెంట్లకి షుగర్ అదుపు మెరుగ్గా ఉంది. డాక్టర్ చెప్పిన దాంట్లో 40 నుంచి 80 శాతం వరకూ అక్కడికక్కడే మర్చిపోతామని అదే ఏడాది వచ్చిన ఇంకో వ్యాసంలో ఉంది. నాయన గ్లిమిపిరైడ్ సంగతి చూశాక నాకు ఈ లెక్కల్లో ఏదీ ఆశ్చర్యంగా అనిపించలేదు.

రెండో సిట్టింగ్ ఎక్కువగా మా గురించే జరిగింది, అంటే నేను, అమ్మ, ఫోన్లో వీడియో కాల్లో తమ్ముడు. పుండు రాకముందు ఒకసారి తమ్ముడు నాయన షుగర్ రిపోర్ట్‌ని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, ఎవరైనా మంచి డాక్టర్ని చెప్తారని. మంచి ఉద్దేశంతోనే. మర్నాడు కందుకూరు నుంచి మేనత్త కాకరకాయ రసం తాగమని, పెదనాన్న పొడపత్రి ఆకు నమలమని ఫోన్లు. నాయన దాని గురించి ఒక్క మాట అనలేదు అప్పుడు. ఈ గదిలో అన్నాడు: "నా జబ్బు నాది. నన్ను ఒక మాట అడగబళ్ళా?" తమ్ముడు ఫోన్లో తలవంచుకున్నాడు. సాండ్రా పెట్రోనియో అని అమెరికాలో కమ్యూనికేషన్ ప్రొఫెసర్, 1991 నుంచి ఈ విషయం మీదే ఒక సిద్ధాంతం కట్టుకుంటూ వచ్చారు. మనిషి తన సొంత సంగతిని తన ఆస్తిలాగే చూసుకుంటాడు, ఒకరికి చెప్పాడంటే వాళ్ళని అందులో భాగస్తుల్ని చేసుకున్నట్టు, ఆ భాగస్తుడు అడగకుండా ఇంకొకరికి పంచితే నమ్మకం చెదిరి ఇక చెప్పడం మానేస్తాడు. పొలం గట్టు తగాదాలు చూసిన మనకి ఇది వివరించాల్సిన పని లేదు. నాయన తన పుండు దాచింది ఆ రిపోర్ట్ గ్రూపులో పడిన తర్వాతేనని తేదీలు లెక్కేసుకుంటే తేలింది. తమ్ముడు ఆ రోజే నాయన్ని అడిగి, ఆయన సరేనన్న రెండు మాటలు మాత్రం గ్రూపులో రాశాడు.

దెప్పడం గురించి నేను మేడంతో వాదించా, ఒప్పుకుంటున్నా. ప్రేమ ఉండబట్టే కదా తిడతాం, మనిళ్ళల్లో మాట తీరే అంత, అన్నా. ఆమె వాదించకుండా నాయన్ని అడిగారు, మీ అమ్మాయి ఫోన్ పెట్టేసినాక మీరు ఏం చేస్తారని. ఆ పూట మాత్ర వేసుకోబుద్ధి కాదు, అన్నాడాయన, నా వైపు చూడకుండా. దాని మీద కూడా పరిశోధన ఉంది. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మేబెరీ, ఆజ్‌బోర్న్ అనే ఇద్దరు 2012లో రాశారు: ఇంట్లోవాళ్ళు తమకి సాయంగా లేరని, అడ్డం పడుతున్నారని అనుకునే షుగర్ పేషెంట్లు మందులు సరిగ్గా వేసుకోవడం తక్కువ, మందులు తప్పినవాళ్ళకి షుగర్ ఎక్కువ. చూసింది 61 మందిని, చిన్న లెక్కే, ఏది ముందు ఏది వెనక అని దీన్నిబట్టి తేల్చలేం. కానీ నాకు 61 మంది అక్కర్లేదు, మా నాయన చెప్పిన ఆ ఒక్క మాట చాలు.

ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్ గ్లేజర్ బృందం 2005లో ప్రచురించింది మాత్రం చదివి రాత్రి నిద్ర పట్టలేదు నాకు. 42 మంది దంపతులు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. వాళ్ళ చేతి మీద చిన్న చిన్న బొబ్బలు చేసి, ఒకసారి ఒకరికొకరు ఆసరాగా మాట్లాడుకునేలా, ఇంకోసారి గొడవ పడే విషయం ఒకటి తీసుకుని మాట్లాడుకునేలా చేసి, గాయాలు ఎంత కాలానికి మానాయో చూశారు. గొడవ తర్వాత మానడం ఆలస్యమైంది. ఎక్కువ కక్షగా మాట్లాడుకునే జంటలకైతే, కక్ష తక్కువున్న జంటలకి మానిన వేగంలో 60 శాతం మాత్రమే. వాళ్ళు షుగర్ పేషెంట్లు కారు, అవి చేతి మీద బొబ్బలు, కాలి పుండు కాదు, అందుకని మా తిట్ల వల్లే నాయన పుండు మానలేదని అనను, షుగర్, అరిగిన చెప్పు, నరాలు అన్నీ ఉన్నాయి అందులో. కానీ ఐదు వారాలు పుండు డ్రెస్సింగ్ చేస్తూ చేస్తూనే నేను ఆయన్ని తిట్టినవి గుర్తొచ్చాయి, దూది చేతిలో పట్టుకుని.

ఇంట్లో ఏం మారిందంటే, పెద్దగా చెప్పుకోవడానికేం లేదు, చిన్నవే. తమ్ముడు ఫోన్లో మొదటి ఐదు నిమిషాలు పంట గురించి, ఎరువు దొరికిందా లేదా, కాలవలో నీళ్ళొచ్చాయా, అవే మాట్లాడతాడు. షుగర్ నంబరు నాయన తనే చెప్తాడు, చెప్పాలనిపిస్తే. అమ్మ అన్నం మానేయమనడం మానేసింది, గరిటెతో కొలిచి పెడుతుంది, చేపల పులుసు ముక్కలు రెండు ఎక్కువ వేసి అన్నం ఒక గరిటె తగ్గిస్తుంది, అది మేడం చెప్పిందే. రాత్రి పడుకునే ముందు అమ్మ ఆయన పాదాలు చూస్తుంది, ఆయన అద్దం పట్టుకుంటాడు. వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవడం, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకపోవడం, చెప్పులు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమడం, ఈ మూడూ నాయన నాకు తిరిగి పాఠంలా చెప్తాడు. సర్జన్ గారు రాసిచ్చిన ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కొన్నాం, మెత్తగా ఉంటాయి, పొలానికి కూడా అవే.

ఇక అర ఎందుకు తగ్గించానంటే, కౌన్సెలింగ్ గదికీ ఇంజెక్షన్ గదికీ మధ్య తలుపు లేదు, పరదా ఒక్కటే. నాయన మాట్లాడుతుంటే అవతల కూర్చున్నవాళ్ళకి వినపడుతుంది. మనిషి తన సంగతి తన చేతుల్లో ఉందని నమ్మితేనే చెప్తాడని అంత బాగా అర్థం చేసుకున్న చోట ఈ పరదా నాకు బాధ కలిగించింది, మేడంకే చెప్పా, తలుపు పెట్టించమని అడుగుతున్నా అన్నారు. ఇంటికిచ్చే డైట్ పేపర్ ఇంగ్లీషులో ఉంది, ఓట్స్, కివీ, బ్రకోలీ అని. మా అమ్మకి ఆ పేపర్ దేనికి? మేడం వెనక వైపు పెన్నుతో తెలుగులో రాసిచ్చారు, రాగి సంగటి, జొన్న రొట్టె, చిక్కుడుకాయ, మునగాకు అని, వంటింట్లో అంటించింది ఆ వెనక వైపే. ఇంకొకటి, మంగళ, శుక్రవారాలు పొద్దున తొమ్మిది నుంచి ఒంటి గంట వరకే, అంతే. పల్లెల నుంచి బస్సులో వచ్చేవాళ్ళు ఎనిమిదిన్నరకల్లా టోకెన్ తీసుకుంటే తప్ప దొరకదు. 300 రూపాయలు కూడా నెలనెలా అంటే కొందరికి బరువే, కానీ ముప్పావు గంట ఒక మనిషి మన మాట వింటుంది కాబట్టి నేను ఎక్కువనను.

మీరు వెళ్ళేటట్టయితే, ఇలాంటిది ఎక్కడున్నా సరే, వంట చేసేవాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళండి. మాత్రలు పేర్లు రాసుకుని పోవద్దు, స్ట్రిప్పులే పట్టుకెళ్ళండి. చెప్పులు కూడా. అక్కడ పేషెంట్‌ని ప్రశ్న అడిగితే మీరు జవాబు చెప్పొద్దు, ఎంతసేపు మౌనంగా ఉన్నా సరే. మీ దగ్గర అలాంటి కౌన్సెలర్ లేకపోతే మామూలు డాక్టర్ దగ్గరే చివర్లో, నేను విన్నది కరెక్టేనా సార్, ఒకసారి మీకే తిరిగి చెప్తా, అని అనండి. నేను వేరే డాక్టర్ దగ్గర చేసి చూశా, ఆయన విసుక్కోలేదు, రెండు తప్పులు దిద్దారు.

మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మొదటిసారి 9.1 ఉండేది, మొన్న 7.6 వచ్చింది. పుండు పూర్తిగా మూసుకోవడానికి పదకొండు వారాలు పట్టింది, వేలు నిలిచింది. దాంట్లో సర్జన్ గారి చెయ్యి ఎంత, మాత్ర టైం ఎంత, మా మాటలు ఎంత అని విడదీసి చెప్పలేను.

ఐదో సిట్టింగ్ వచ్చే మంగళవారం. నేను సెలవు పెడతా నాయనా అంటే నిన్న రాత్రి ఫోన్లో వద్దన్నాడు. "నువ్వు రాబళ్ళేదులే పాపా, మీ అమ్మని నేనే తీసుకుపోతా. నెల నుంచి బీపీ మాత్రలు వేసుకోవడం ల్యా అంట ఆమె. మొన్న నా కాళ్ళు తుడుస్తా నాకు చెప్పింది. నేనేమీ అన్లా."